రౌతును దండించిన చాలునా?

దండనమునకు ప్రయోజనము లనేకములు చెప్పబడుచున్నవి. వానిలో ముఖ్యమైనది తప్పువలన లాభము నిలువకుండ జేయుట. దొంగకు చెఱసాల విధించి దొంగసొత్తును వాని యింటనే యుండనిచ్చు న్యాయస్థానమును మనమెవ్వరమును న్యాయస్థానమని గౌరవింపము. ఈ సామాన్యసూత్రమును, గుఱ్ఱపు పందెములలో కొరడాను మితిమీఱి యుపయోగించు రౌతులను శిక్షించు పద్ధతికి అన్వయించి చూడవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇది యల్పవిషయమని కొందఱకు తోచవచ్చును. కాని నోరులేని జంతువునకు దెబ్బ, నోరుండియు చెప్పుకొనజాలని కూలివానికి జరిమానా, వీరిరువురి శ్రమవలన లాభమందిన స్వామికి బహుమానము, ఈ మూడును ఒక్కచోటనే కనబడు విషయ మల్పమెట్లగును?

మన హైదరాబాదు నగరమునకు ఈ వినోదము క్రొత్తది కాదు. 1868వ సంవత్సరమున మౌలాలియందు పందెములు మొదలైనవి. ఆఱవ నిజాము మీరు మహబూబు అలీఖాను కాలమున, 1886లో, అవి మలక్‌పేటకు మార్చబడినవి. హైదరాబాదు రేసుక్లబ్బు 1961లో ఏర్పడినది. మలక్‌పేట మైదానమున వర్షకాలమునందును శీతకాలమునందును పందెములు జరుగుట యాచారము. గుఱ్ఱముల స్వాములలోను, క్లబ్బు సభ్యులలోను, ప్రేక్షకులలోను న్యాయవాదులు, వైద్యులు, వర్తకులు, భూస్వాములు కలరు. కావున ఈ ప్రశ్న ఎక్కడనో యున్న పామరుల నడవడినిగూర్చినది కాదు. ఈ పత్రమును చదువు పెద్దమనుష్యుల నడవడినిగూర్చినదే.

పందెములలో శిక్షణమెట్లు నడచునో తెలియనివారికొఱకు కొంచెము చెప్పెదము. పందెమును పరిశీలించు అధికారులను స్టీవార్డులందురు. వారు పందెమును కన్నులార చూచుటయేగాక, పలుదిక్కులనుండి తీయబడిన చిత్రములనుగూడ మరల మరల చూతురు. రౌతు కొరడాను అతిగా నుపయోగించెనని తోచినచో వానిని పిలిపించి సంజాయిషీ యడుగుదురు. తప్పు రుజువైనచో జరిమానాయైనను, కొన్నిదినములు స్వారి చేయరాదను నిషేధమైనను విధింతురు. ఇంగ్లండునందు 2023వ సంవత్సరమునుండి చదునునేల పందెములలో 6 దెబ్బలకును, దుముకుడు పందెములలో 7 దెబ్బలకును మించరాదని నియమము. అమెరికాలో 2022లో వచ్చిన జాతీయనియమములును 6 దెబ్బలకే యనుమతి నిచ్చినవి. నార్వేదేశమువారు 1982లోనే గుఱ్ఱమును పరుగెత్తించుటకై కొరడాతో గొట్టుటను నిషేధించిరి.

కొరడావలన ప్రయోజనములు రెండని పందెములవారు చెప్పుదురు. గుఱ్ఱము ప్రక్కకు దూకి ఇతరుల మార్గమున కడ్డుపడకుండ వానిని త్రిప్పుట మొదటిది. అలసిన గుఱ్ఱమును ఇంకను వేగముగా పరుగెత్తించుట రెండవది. మొదటిదానిని మేమాక్షేపింపము. అది ప్రాణరక్షణకు సంబంధించినది. విచారింపవలసినది రెండవది. ఏలయన, స్టీవార్డుల విచారణలలో పెక్కుటికి కారణము ఆ రెండవ ప్రయోజనమే.

ఇచ్చట మనవారు ఒక లోకోక్తిని ముందుకు దెత్తురు. రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్లతో నడచునట. ఈ లోకోక్తి బండిబాటలయందు నిజమైన కావచ్చును గాని పందెపు మైదానమునందు నిజమగునా? 2011లో సిడ్నీ విశ్వవిద్యాలయమునకు జెందిన ఎవాన్సు, మెక్‌గ్రీవీ యను పండితులు 5 పందెములలో 48 గుఱ్ఱములను పరీక్షించిరి. గుఱ్ఱములు అత్యధికవేగమును పొందినది కొరడా తగులని ఘట్టముననేయనియు, అలసట గలిగిన చివరి భాగమున దెబ్బలు హెచ్చినను వేగము హెచ్చలేదనియు వారు కనుగొనిరి. ఇంగ్లండునందు కొరడాతో కొట్టరాదను నియమముతో చేతులతోడను మడమలతోడను మాత్రమే గుఱ్ఱమును నడపు పందెములు కొన్ని కలవు. 2020లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో ఇట్టివియు, కొరడా కనుమతిగలవియు కలిపి 126 పందెములను పోల్చిచూడగా, పరుగు కాలమునందుగాని గుఱ్ఱములు త్రోవతప్పుటయందుగాని గమనింపదగిన భేదము కనబడలేదు. అదే సంవత్సరమున వెలువడిన వేఱొక పరిశోధన గుఱ్ఱపు చర్మమును మనుష్యచర్మముతో పోల్చి, నొప్పిని గ్రహించు నరముల విషయమున రెంటికిని విశేషభేదము లేదని చెప్పినది. దెబ్బ తగులుట నిజము, నొప్పి కలుగుట నిజము, లాభమో, సందేహాస్పదము. ఇక ఆ లోకోక్తికి బలమెక్కడ?

లాభము సందేహాస్పదమే యైనచో రౌతులేల కొట్టుదురు? ఈ ప్రశ్నకు సమాధానము గుఱ్ఱమునందు లేదు, మైదానపు టంచున నిలిచి చూచుచున్నవారియందున్నది. గుఱ్ఱమును గెలిపించుటకు రౌతు తన శక్తినంతయు వినియోగింపవలెనని పందెపు నియమము. అట్లు చేయలేదని తోచిన రౌతును గూడ స్టీవార్డులు శిక్షింతురు. ధనమొడ్డినవారు కేకలు వేయుదురు. స్వామి మఱుసటి పందెమునకు మఱియొక రౌతును చూచుకొనును. కొట్టిన నొక శిక్ష, కొట్టకున్న నొక అపవాదు. అడకత్తెరలో పోకచెక్కవలె నలుగువాడు రౌతు. తన బరువును తగ్గించుకొనుటకై కడుపు మాడ్చుకొని, ప్రతిదినమును ప్రాణాపాయమునకు లోనగుచు, ఇతరుల గుఱ్ఱమును ఇతరుల ధనముకొఱకు తోలువాడు వాడు. వానిని నిర్దోషియని మేము చెప్పము. చేయి వానిది, ఆ చేతికి జవాబు వాడు చెప్పవలసినదే. కాని వాడొక్కడే జవాబు చెప్పవలెననుట అత్తమీది కోపమును దుత్తమీద చూపుటవంటిది.

2011వ సంవత్సరమున ఇంగ్లండులో జరిగిన రెండు సంగతులను చూడుడు. ఆ యేటి గ్రాండు నేషనలు పందెమున బల్లాబ్రిగ్సు అను గుఱ్ఱము గెలిచినది. దానినెక్కిన జేసన్ మగ్వైరు దానిని 17 మార్లు కొట్టెనని 5 దినముల నిషేధము విధింపబడినది. గెలుపు మాత్రము గెలుపుగానే నిలిచినది. బహుమానము స్వామికి చేరినది. అదే సంవత్సరము అక్టోబరు నెలలో నియమములు కఠినములు చేయబడిన పిమ్మట, ఆస్కటు మైదానమున ఛాంపియను స్టేక్సునందు సిరుస్ దెజేగ్ల్ అను గుఱ్ఱముపై గెలిచిన క్రిస్టోఫ్ సుమియోన్, చివరి భాగమున 5 దెబ్బలకు బదులు 6 దెబ్బలు కొట్టినందున, బహుమానమునందు తనకు రావలసిన సుమారు 50,000 పౌనుల భాగమును కోల్పోవలసినవాడయ్యెను. అప్పుడును స్వామి బహుమానమునకు లోపము రాలేదు. రౌతులు మొఱపెట్టిరి, కొన్నిదినములలోనే ఆ నియమము సడలింపబడినది.

ఈ రెంటినుండి మేము గ్రహించిన నీతి యేమనగా, శిక్ష తేలికయైనచో అది శిక్షగాక వెలయగుచున్నది. అయిదు దినముల కూలి పోగొట్టుకొని గొప్ప పందెమును గెలువవచ్చునన్న, ఆ వెల చెల్లించుటకు సిద్ధపడువారు ఎల్లప్పుడును కలరు. శిక్షను కఠినము చేసి రౌతొక్కనిమీదనే మోపినచో, అది పక్షపాతమై లోకుల మనస్సునకు కంటగింపై నిలువజాలదు. మొదటిది తప్పును ఆపదు; రెండవది తానే నిలువదు. రెంటికిని మూలదోష మొక్కటే. తప్పువలని ఫలము తప్పునకు పురికొల్పినవారియొద్దనే యుండిపోవుచున్నది.

ఈ దోషమును ఇంగ్లండువారు కొంతవఱకు గుర్తించిరి. 2023లో వచ్చిన మార్పుచేత, నియమితసంఖ్యకు మించి 4 దెబ్బలుగాని అంతకెక్కువగాని కొట్టినచో గుఱ్ఱమునకే గెలుపు రద్దగును. స్వామికి బహుమానము పోవును. అట్లైన పందెము కాచిన నిరపరాధులు నష్టపడుదురుగదా యని యాక్షేపణ చేయువారికి సమాధానము ఆ పద్ధతియందే యున్నది. ఆ నిర్ణయము కొన్నిదినములు గడచిన పిమ్మట వేఱొక విచారణసంఘముచేత చేయబడును గనుక, మైదానమున చెల్లిన పందెపు సొమ్ములకు దానివలన మార్పు రాదు. తప్పువలన ముఖ్యలాభమందువాడే లాభమును విడుచును.

ఇది మనదేశపు ధర్మశాస్త్రమునకు క్రొత్తయూహ కాదు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమునందలి 11వ విభాగము, అనవసరమైన బాధ కలుగునట్లు జంతువును కొట్టువానినేగాక, అట్లు కొట్టుటకు అనుమతించు స్వామినిగూడ నేరస్థునిగా పేర్కొనుచున్నది. అంతటితో నాగక, నేరము జరుగకుండ తగిన శ్రద్ధను పర్యవేక్షణను చూపని స్వామియు నేరము చేసినవాడే యని యెంచుచున్నది. మొదటి నేరమునకు జరిమానా 10 రూపాయలనుండి 50 రూపాయలవఱకే యుండుట నగుబాటు. కాని సూత్రము మాత్రము నిర్దుష్టము. జీడిమెట్ల పారిశ్రామికవాడలో నివసించు చదువరులకు ఈ సూత్రము నిత్యపరిచితము. యంత్రమునకు కట్టవలసిన కంచె లేక కూలివాని చేయి తెగినచో, చేయి అజాగ్రత్తగా పెట్టితివని కూలివానిని మందలించి యజమాని తప్పించుకొనుటకు వీలులేదని 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టమే స్థిరపఱచినది. యంత్రము విషయమున యజమానికి అన్వయించు ధర్మము ప్రాణముగల గుఱ్ఱము విషయమున స్వామికి అన్వయింపకుండుటకు హేతువేమి?

న్యాయశాస్త్రమునుండియే మఱియొక సంగతి. 1996లో లక్ష్మణన్ వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము, గుఱ్ఱపు పందెము కేవల మదృష్టముపై నాధారపడిన జూదము కాదనియు, గుఱ్ఱము జాతి, శిక్షణ, రౌతు నేర్పు మొదలగువానిపై నాధారపడిన నైపుణ్యక్రీడ యనియు తీర్పుచెప్పెను. ఈ తీర్పు పందెములవారికి కవచమైనది. అయితే కవచము ధరించినవాడు దాని బరువునుగూడ మోయవలెను. నైపుణ్యమే పందెమునకు ప్రాణమైనచో, కొరడాదెబ్బల సంఖ్య నైపుణ్యమునకు కొలత యగునా? గుఱ్ఱపు నాడిని తెలిసి, దాని శక్తిని ఎచ్చట దాచవలెనో ఎచ్చట విడువవలెనో యెఱిగి, కళ్లెముతోను మోకాళ్లతోను నడపుటయే నేర్పు. దెబ్బకొట్టుటకు నేర్పు వలదు. కావున కొరడాను విడుచుటవలన పందెము తన న్యాయసమ్మతమైన స్వరూపమునకు దగ్గఱ యగునేగాని దూరము కాదు.

కొందఱు మిత్రులు, ఇదంతయు పాశ్చాత్యుల సున్నితత్వమని చెప్పవచ్చును. వారు కర్నూలు జిల్లాయందలి ఎఱ్ఱగుడి గుట్టను తలచుకొందురుగాక. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన శిలాశాసనములు అచ్చట నేటికిని నిలిచియున్నవి. జనులు గుమిగూడు వేడుకలలో తానెన్నో దోషములను కనుచున్నాననియు, అయినను మంచివైన వేడుకలు కొన్ని కలవనియు, ఆ శాసనములలో నొకటి వివేకించి చెప్పుచున్నది. మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పాటుచేసితినని మఱియొకటి చెప్పుచున్నది. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన 51-ఏ అధికరణము, ప్రాణులయెడ దయ గలిగియుండుట ప్రతి పౌరునకును విధియని చాటినది. వేడుక యక్కఱలేదని మేము చెప్పుటలేదు. మంచి వేడుకను చెడ్డ వేడుకనుండి వేఱుచేయు చక్రవర్తి వివేకమునే మనము చూపవలెనని చెప్పుచున్నాము.

కావున మా ప్రార్థన మూడు మాటలలో ముగియును. గుఱ్ఱమును వేగిరపఱచుటకై కొరడా వాడరాదని, ప్రాణరక్షణకు మాత్రమే వాడవలెనని నియమము రావలెను. అది వచ్చువఱకు, అతిగా కొట్టబడి గెలిచిన గుఱ్ఱపు బహుమానము స్వామికి చేరరాదు. శిక్ష విధించునపుడు రౌతునేగాక స్వామిని, శిక్షకునిగూడ పిలిచి, వారేమి యాజ్ఞ యిచ్చిరో విచారించి, ఆ నిర్ణయమును హేతువులతో ప్రకటింపవలెను. ఒక్కసారిగా నంతయు మార్చుటకు జంకువారు, నేర్చుకొను రౌతుల పందెములు కొన్నింటిని కొరడాదెబ్బలు లేకుండ నడపి ఫలితమును చూతురుగాక.

ఆవు చేను మేయుచుండ దూడ గట్టున మేయదని మన పెద్దలెఱుగుదురు. గెలుపు ఎట్లు వచ్చినను సరే యని స్వామి మనస్సునం దున్నంతవఱకు, రౌతు చేతిని నియమములతో కట్టివేయుట సాధ్యముకాదు. గుఱ్ఱమునకు స్వామియైన పెద్దమనుష్యుడు మైదానమున కడుగుపెట్టకముందే తన రౌతును పిలిచి, దెబ్బలతో వచ్చు గెలుపు తనకక్కఱలేదని స్పష్టముగా చెప్పవచ్చును. దానికి శాసనసభ యనుమతి వలదు, క్లబ్బు తీర్మానము వలదు. ఆ యొక్క మాట చెప్పగలిగియు చెప్పనివాడు, కొరడాను తన చేత పట్టకున్నను, ఆ దెబ్బలలో తనవాటా తనకున్నదని యెఱుగవలెను.