స్ఫురణ – బాధ్యత: మిశ్రమ మాధ్యమ నైరూప్య చిత్రకళలో ఒక నైతిక ప్రశ్న

నైరూప్య చిత్రకారుల సృజన పద్ధతిని గురించి తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: ముందుగా ఏ ఆలోచనా లేదు, చేయి వెళ్లిన దారినే చిత్రం వెళ్లింది. రంగుతో పాటు కాగితం, గోనె, రేకు, బూడిద కలిసే మిశ్రమ మాధ్యమంలో ఈ మాటకు మరింత బలం ఉంది. జిగురు ఎండే వేగం, తుప్పు పాకే తీరు, చిరిగిన అంచు ముందుగా అనుకొన్న నమూనాను నిలవనీయవు. సృజన ప్రక్రియకు వర్ణనగా ఇది చాలావరకు సత్యం. నైతిక సమాధానంగా కూడా ఇది చెల్లుతుందా అన్నది విచారణీయం.

సికింద్రాబాదులోని బోయిగూడ కలప డిపోలకు, తుక్కు గోదాములకు నెలవు. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడి ఒక తుక్కు గోదాములో మంటలు చెలరేగి, పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహారు వలస కార్మికులు మరణించారు. అటువంటి చోటి నుంచి వచ్చిన మాడిన రేకును ఒక చిత్రకారుడు దాని నలుపు కోసమే ఎన్నుకొన్నాడని ఊహిద్దాం. ఆ నలుపు ఎక్కడిదో తెలియకపోవడం ఒక స్థితి. తెలిసి కూడా, చేయి కోరింది కనుక తీసుకొన్నాననడం వేరొక స్థితి. రెండవదానిలో స్ఫురణ అన్న మాట వివరణగా కాక మినహాయింపుగా పనిచేస్తుంది.

అలంకారశాస్త్రం స్ఫురణను ప్రతిభ పేరిట చర్చించింది. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి కావ్యహేతువు అన్నాడు. జగన్నాథ పండితరాయలు ప్రతిభ ఒక్కటే హేతువని వాదించాడు. అయితే ఆ ప్రతిభకు కొన్నిచోట్ల దేవతాదుల అనుగ్రహం వల్ల కలిగిన అదృష్టాన్ని, మరికొన్నిచోట్ల వ్యుత్పత్త్యభ్యాసాలను కారణంగా చూపాడు. ప్రతిభను ఏకైక హేతువుగా నిలిపినవాడు సైతం దానిని నిర్హేతుకం అనలేదు. చేయి తనంతట తాను కదిలినట్లు తోచినా, దాని వెనుక చూపు, సాధన, ఎరుక ఉన్నాయి. కనుక ఆ ఎరుకకు సంబంధించిన ప్రశ్న చేతికీ వర్తిస్తుంది.

నైరూప్యంలో పదార్థం తన పూర్వచరిత్రను వదలి కేవల రూపమవుతుందన్నది ఇక్కడ రాగల ఆక్షేపం. 1940లో మధిరలో జన్మించిన సూర్యప్రకాశ్ తొలిదశలో తుప్పుపట్టిన మోటారు వాహనాల శిథిలాలను చిత్రించారు. అక్కడ తుప్పు రంగుతో కల్పించినది. జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ 1919 నుంచి మెర్జ్ పేరిట పారవేసిన టికెట్లను, చెక్కముక్కలను తెచ్చి అతికించాడు. అక్కడ పదార్థమే స్వయంగా హాజరైంది. చిత్రించిన తుప్పు పోలిక, అతికించిన తుప్పు సాక్ష్యం. కేవల రూపమే కావలసి ఉంటే నల్లరంగు చాలేది. నిజంగా కాలిన రేకునే కోరడానికి కారణం దాని గతం చిత్రానికి ఇచ్చే బరువు. బరువును స్వీకరించి, అది వచ్చిన చోటును నిరాకరించడం పరస్పర విరుద్ధం.

వ్యుత్పత్తి లేమి వల్ల కలిగిన దోషాన్ని కవిశక్తి కప్పివేస్తుందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అన్నాడు. ఆయన మాట్లాడినది కావ్యదోషం గురించి. నైతిక విషయానికి దానిని అన్వయిస్తే ఒక హెచ్చరిక లభిస్తుంది: కప్పడం వేరు, లేకుండా చేయడం వేరు. చిత్రం ఎంత శక్తిమంతమైతే, అందులోని పదార్థం ఎవరి బతుకుది అన్న ప్రశ్న అంత సులభంగా మరుగున పడుతుంది.

అలాగని ప్రతి కదలికకు ముందూ విచారణ జరగాలనడం స్ఫురణనే చంపుతుంది. రాజశేఖరుని విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. కారయిత్రీ ప్రతిభ సృజిస్తుంది, భావయిత్రీ ప్రతిభ గ్రహించి విలువ కడుతుంది. రాజశేఖరుడు రెండవదానిని భావకునికి చెప్పాడు. మిశ్రమ మాధ్యమంలో ఒక పొర ఆరేదాకా ఆగవలసిన చిత్రకారుడు ఆ విరామంలో తన చిత్రానికి తానే భావకుడవుతాడు. ఉంచడం, గీకివేయడం, మరో పొరతో మూయడం, పని ముగిసిందని నిర్ణయించడం ఆ క్షణానివే. బాధ్యత ప్రవేశించవలసిన చోటు కూడా అదే. మాడిన రేకును చేయి ఎందుకు అందుకొన్నదో చిత్రకారుడు చెప్పలేకపోవచ్చు. దానిని ఎందుకు ఉండనిచ్చాడో చెప్పగలగాలి. పదకొండు మంది మరణం కేవలం ఒక ఉపరితలపు గరుకుదనంగా మిగిలిపోకుండా ఉండటానికి ఆ సమాధానం అవసరం.