నాలుగో ఋణం

నిలువ నీడ లేనివారికి నీడ చూపడం దానమా, లేక తీర్చవలసిన బాకీయా అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. అయితే పశ్చిమ కర్నూలు ప్రాంతంలో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లోనూ వాటి చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లోనూ, ఏటా కొన్ని నెలలపాటు జనం కోతల పనులకు వలసపోయి వేల ఇళ్లకు తాళాలు పడుతున్నందువల్ల, అక్కడ అది పండితుల చర్చగా మిగలక పురపాలక సంఘాలూ పంచాయతీలూ జవాబు చెప్పవలసిన ప్రశ్నగా మారుతుంది.

మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడన్న భావన వైదిక వాఙ్మయంలో స్థిరమైనది. తైత్తిరీయ సంహిత దేవ, ఋషి, పితృ ఋణాలు మూడింటిని చెబుతుంది. మనుస్మృతి కూడా ఆ మూడింటినే నిలుపుకుంది. లోకంలో ప్రచారంలో ఉన్నవీ అవే. కానీ యజ్ఞకర్మల అంతరార్థాన్ని వివరించే గద్యగ్రంథమైన శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగోదాన్ని చేరుస్తుంది. అది మనుష్య ఋణం, అంటే తోటి మనుషులకు ప్రతి మనిషీ పడివున్న బాకీ. దాన్ని తీర్చే మార్గాలుగా ఆ గ్రంథం రెండింటిని పేర్కొంటుంది: మనుషులకు వసతి కల్పించడం, వారికి అన్నం పెట్టడం. వీటిలో వసతి ముందు వస్తుంది, అన్నం తరవాత వస్తుంది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి కూడా వసతి కోరి వచ్చినవారిని ఎవరినీ కాదనకపోవడాన్ని వ్రతంగా విధిస్తుంది. అన్నదానం గురించి ఇంత విస్తారంగా మాట్లాడే సంప్రదాయంలో వసతి ఋణం ఇంతగా మరుగున పడడం విచారించవలసిన విషయమే.

మరుగున పడడానికి ఒక కారణం ధర్మశాస్త్రాల్లోనే కనిపిస్తుంది. మనుష్య ఋణం క్రమంగా గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాలలో ఒకటైన మనుష్యయజ్ఞంగా, అంటే అతిథి సత్కారంగా కుదించుకుపోయింది. ఆ అతిథి ఎవరన్న దానికి మనువు ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒక్క రాత్రి మాత్రమే ఉండి వెళ్లేవాడే అతిథి. సత్రాలూ ధర్మశాలలూ ఈ ఊహ మీదనే వెలిశాయి. బాటసారికి, యాత్రికుడికి అవి చేసిన మేలు అపారమైనదే గానీ, నెలల తరబడి బతుకుతెరువు కోసం ఒకచోట ఉండవలసిన కూలి కుటుంబానికి, ఏళ్ల తరబడి బాడుగ ఇంట్లో కాలం గడిపే విధవకు, ఆ ధర్మంలో చోటు దొరకలేదు. మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామి మఠం యాత్రికులకు వసతి, అన్నప్రసాదం సమకూర్చడం గొప్ప సేవ. అదే ప్రాంతం నుంచి సుగ్గికి (కోతల కాలపు వలసకు) బయలుదేరే కుటుంబాలకు మాత్రం అలాంటి ఆదరువు దారిలోనూ లేదు, చేరినచోటా లేదు.

దానానికీ ఋణానికీ ఉన్న భేదం పేరుకు సంబంధించినది కాదు. దానం విషయంలో శాస్త్రం పాత్రతను అడుగుతుంది. దేశం, కాలం, పాత్రత చూసి ప్రత్యుపకారం ఆశించక ఇచ్చేదే సాత్త్విక దానమని భగవద్గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. ఇచ్చేవాడి మనస్సు శుద్ధి పొందడానికి ఈ నియమం ఉపకరిస్తుంది. కానీ దీన్నే ప్రభుత్వ సాయానికి అన్వయించినప్పుడు, పుచ్చుకునేవాడు తన యోగ్యతను పదేపదే రుజువు చేసుకోవలసివస్తుంది. ఋణం సంగతి వేరు. బాకీ ఉన్నవాడు అప్పు ఇచ్చినవాడి గుణగణాలను విచారించి చెల్లించడు; ఆయన తాగుబోతైనా, కోపిష్ఠి అయినా, చెల్లించక తప్పదు. కాబట్టి వసతి ఋణమే అయితే, పేద కుటుంబం నడవడిని తూచే అధికారం ఇచ్చేవారికి ఉండదు. ఎంత బాకీ, ఎవరికి, ఎప్పటిలోగా అన్న లెక్కే మిగులుతుంది.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని జానశ్రుతి కథను ఈ సందర్భంలో గుర్తుచేసుకోవడం ఉచితం. జానశ్రుతి ఊరూరా వసతి గృహాలు కట్టించి, అంతటా జనం తన అన్నమే తినాలని కోరుకున్న దాత. ఒక రాత్రి ఆకాశాన పోతున్న హంసల మాటల వల్ల తనకంటే గొప్పవాడొకడు ఉన్నాడని తెలిసి, అతన్ని వెతికించగా, రైక్వుడనే ఆ మనిషి ఒక బండి కింద కూర్చుని ఒళ్లు గోక్కుంటూ కనిపిస్తాడు. వ్యాఖ్యాతలు ఈ కథను రైక్వుడు ఉపదేశించిన సంవర్గవిద్య, అంటే అన్నిటినీ తనలో లయం చేసుకునే తత్త్వపు ఉపాసన, కోసం వివరిస్తారు. అయినా కథ అమరికలోనే మరో అర్థం ఉంది: లోకానికంతా వసతి గృహాలు కట్టినవాడి గురువు ఏ వసతి గృహంలోనూ లేడు. దానం దాత ఎంచుకున్నచోట వెలుస్తుంది. మనిషి మాత్రం తన బతుకు నిలిపిన చోటనే ఉంటాడు.

ఆదోని ప్రాంతపు మతసంప్రదాయాలు ఈ ఋణభావాన్ని బలపరుస్తాయి. ఖురాన్ సంపన్నుల సొత్తులో అర్థించేవారికీ వంచితులకూ నిశ్చితమైన హక్కు ఉందని బోధిస్తుంది. జకాత్, అంటే విధిగా చెల్లించవలసిన ధార్మిక పన్ను, అందుకోదగిన ఎనిమిది వర్గాలలో పేదలతోపాటు అప్పుల్లో మునిగినవారు, బాటసారులు, ఆ సొమ్మును వసూలు చేసి పంచే ఉద్యోగులు కూడా ఉండడాన్ని బట్టి, అది వ్యక్తి ఇష్టానికి వదిలిన దయ కాదని, వ్యవస్థగా నడవవలసిన బాధ్యత అని స్పష్టమవుతుంది. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు ప్రబోధించిన దాసోహం మరో కోణం చూపుతుంది. కాయకం, అంటే చెమటోడ్చి చేసిన పని ద్వారా వచ్చినదాన్ని, ఇచ్చేవాడు తానే సేవకుడినన్న భావంతో సమాజానికి సమర్పించడం దాసోహం. అందులో దాతకు పైమెట్టు ఉండదు. బిజాపూరు సుల్తానుల కాలంలో ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ మంచాల గ్రామాన్ని, అంటే నేటి మంత్రాలయాన్ని, రాఘవేంద్రస్వామికి ఇచ్చాడన్న కథనాన్ని నేటికీ భక్తులు చెప్పుకునే ఈ నేలలో ఆ సంప్రదాయాలు కలిసే నడిచాయి.

ఇక బాకీ ఎవరికి ఉన్నదన్న విషయానికి వస్తే, మొదటివారు సుగ్గికి పోయేవారు. ఆ ప్రాంతపు వ్యవహారంలో సుగ్గి అంటే పంట కోతల కాలపు వలస. వానాధారపు సేద్యం చాలక, మిరప కోతలకూ పత్తి తీతలకూ గుంటూరు వైపు, తెలంగాణ వైపు కుటుంబాలు తరలిపోతాయి. అక్కడ పొలం గట్ల మీద పట్టాలు కప్పిన గుడారాలే వారి ఇళ్లు. పిల్లల కోసం ప్రభుత్వం స్వగ్రామాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. ఇల్లు మూతపడినా బడి మూతపడకుండా చూసే ఈ ఏర్పాటు నిజమైన ఆసరా. అయితే వృద్ధులకు, బాలింతలకు, వికలాంగులకు అటువంటిది లేదు. పత్తి వ్యాపారానికి పేరుగాంచిన ఆదోనిలోనే మార్కెట్ యార్డు హమాలీలూ, జిన్నింగ్ మిల్లుల కూలీలూ బాడుగ గదుల్లో ఉంటారు. ఊరి సంపద వీరి భుజాల మీదుగా నడుస్తున్నది గనుక, ఊరు వీరికి బాకీ ఉన్నదనడం అలంకారం కాదు.

ఎమ్మిగనూరులో ఇల్లు మరింత లోతైన సమస్య. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి దేశవ్యాప్తమైన పేరు తెచ్చింది. నేతగాడికి ఇల్లే పనిచోటు. గుంత మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం. బాడుగ ఇంట్లో గొయ్యి తవ్వడానికి యజమాని ఒప్పుకోవాలి, వానాకాలంలో గుంతలోకి నీరు ఊరితే పని ఆగిపోతుంది, ఇల్లు ఖాళీ చేయమంటే మగ్గమూ లేచిపోతుంది. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏటా 24 వేల రూపాయలు ఇచ్చింది. అది సొంత మగ్గం ఉన్న కుటుంబాలకే. పరుల షెడ్డులో కూలికి నేసేవారు ఆ గీతకు ఆవల మిగిలిపోయారు.

ఈ తీరు ఒక్క పథకానిదే కాదు. 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇళ్ల పట్టాల పంపిణీ 30 లక్షల కుటుంబాలను ఉద్దేశించినదని ప్రకటించారు. అది ఘనమైన ప్రయత్నమే. కానీ అలాంటి పథకాలన్నిటికీ సొంత ఇల్లే గమ్యం. ఆ ఇల్లు ఇంకా కట్టుకోనివారు, లేదా ఎన్నటికీ కట్టుకోలేనివారు, ఈ నెల బాడుగ ఎలా కడతారన్నది వాటి పరిధిలోకి రాదు. కరోనా కాలంలో, 2020 మార్చి 29న, కేంద్ర హోంశాఖ వలస కూలీల నుంచి నెల రోజుల బాడుగ అడగవద్దని ఇంటి యజమానులను ఆదేశించింది. ఋణం ఉన్నదని రాజ్యం ఒప్పుకున్న అరుదైన ఘట్టమది. అయితే దాన్ని తాను చెల్లించక, ఒక గది బాడుగ మీదే బతికే చిన్న యజమాని మీద కూడా మోపింది. కేంద్ర పట్టణ జీవనోపాధుల మిషన్ ఇల్లు లేనివారి కోసం లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలన్నది. 2011 జనగణన ప్రకారమే ఆదోని జనాభా లక్షా 66 వేలు దాటింది గనుక, ఆ ప్రమాణం ఈ ఊరికీ వర్తిస్తుంది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో సరసమైన అద్దె ఇళ్లకు ఒక విభాగం ప్రత్యేకంగా ఏర్పడింది. అంటే తలుపు తెరిచే ఉంది.

వసతిని ఋణంగా చూసి బాడుగ సాయం అందించాలన్న వాదనకు రెండు అభ్యంతరాలు వినవస్తాయి. పేదరికం పూర్వకర్మ ఫలమన్నది మొదటిది. కర్మసిద్ధాంతం బాధ పడేవాడి గతాన్ని వివరిస్తుందేమో గానీ, చూసేవాడి ప్రస్తుత ధర్మాన్ని రద్దు చేయదు. చేస్తే వైద్యమూ అన్నదానమూ కూడా కర్మకు అడ్డుపడినట్టే కావాలి, కానీ సంప్రదాయం వాటిని ధర్మంగానే చెబుతుంది. రెండోది బలమైనది: బాడుగ సాయం చివరికి యజమాని జేబులోకే పోయి, బాడుగలు పెరుగుతాయని. ఇళ్ల సంఖ్య పెరగకుండా డబ్బు మాత్రమే పంచితే ఈ ప్రమాదం నిజం. అందుకే బాడుగ సాయం ఒంటరిగా నిలవదు. పురపాలక సంఘం కట్టిన అద్దె గదులు, మందులు క్రమంగా అందేలా చూసే ఆరోగ్య కార్యకర్త, ఒంటరి వృద్ధులను పలకరించే స్వయం సహాయక సంఘాల మహిళలు, ఖాళీ చేయించే తగాదాల్లో న్యాయ సలహా, ఇవన్నీ దానితో కలిసి రావాలి. 2008 నుంచి ఫిన్లండ్ అనుసరిస్తున్న విధానంలో, తాగుడు మానితేనో ఉద్యోగం దొరికితేనో ఇల్లు ఇస్తామనకుండా, ముందు ఇల్లిచ్చి ఆ తరవాత సేవలు అందిస్తారు. పాత్రతను పక్కనపెట్టిన ఈ పద్ధతి శతపథ బ్రాహ్మణం చెప్పిన ఋణభావానికి చాలా దగ్గరగా ఉంది.

74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలు పట్టణ పేదరిక నిర్మూలననూ, బలహీనవర్గాల, వికలాంగుల ప్రయోజనాల రక్షణనూ పురపాలక సంఘాలు చేపట్టదగిన పనుల్లో పేర్కొన్నది గనుక, స్థానిక ప్రభుత్వానికి అధికారం లేదన్న సాకు చెల్లదు. ఆదోని, ఎమ్మిగనూరు పురపాలక సంఘాలు తమ పరిధిలో బాడుగకు ఉంటున్న ఒంటరి స్త్రీలను, వృద్ధులను, మగ్గం లేని నేతగాళ్లను, సుగ్గికి పోయే కుటుంబాలను వార్డులవారీగా నమోదు చేసి, వచ్చే బడ్జెట్‌లో వారి వసతి కోసం ఒక పద్దు విడిగా తెరవాలి.