బుద్ధ పౌర్ణమి సెలవు ఎవరిది?



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక, మాదాపూరులో ఉద్యోగం చేసే ఒక యువతి నా దగ్గరకు వచ్చింది. "ఫాదర్, బుద్ధ పౌర్ణమినాడు స్నేహితులమంతా నాగార్జునసాగర్ వెళ్ళి బుద్ధవనం చూద్దామనుకుంటున్నాం. మనవాళ్ళు అలాంటి చోటికి వెళితే పాపమా?" అని అడిగింది.

"చూడటంలో పాపమేముందమ్మా? వెళ్ళిరా" అన్నాను. నాగార్జునకొండ తెలుగువారందరి వారసత్వం. ఆ లోయ సాగర్ నీటిలో మునిగిపోకముందే, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి అక్కడి శిల్పాలను కాపాడుకున్నాం. 2022లో ప్రారంభమైన బుద్ధవనంలో సిద్ధార్థుని జీవితాన్ని శిల్పాలుగా చెక్కి చూపారు. క్రైస్తవుడు చూడదగినవే.

"మరి సెలవు దొరికిందా?" అన్నాను మాటవరసకు.

"కష్టంమీద దొరికింది ఫాదర్. మా ఆఫీసు సెలవుల పట్టికలో ఆ రోజు లేదు. ఆప్షనల్ హాలిడే పెట్టుకోవాలి. టీమ్‌లో ఇద్దరం అడిగాం. ఒక్కరికే ఇస్తామన్నారు. నేను ముందు అడిగాను కాబట్టి నాకిచ్చారు."

"రెండోవారెవరు?"

"నాగపూర్ అబ్బాయి. వాళ్ళింట్లో ఆ రోజు పండుగట..." అని ఆగిపోయింది. తనడిగిన ప్రశ్న ఒకటి, అడగవలసిన ప్రశ్న వేరొకటి అని ఆమెకు అప్పుడు తోచినట్టుంది.

ఆలోచించండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ గారు లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించారు. తరతరాలుగా అంటరానివారనిపించుకున్న కుటుంబాలు ఆనాడు తలెత్తుకుని ఇంటికి వెళ్ళాయి. అలాంటి ఇంట్లో బుద్ధ పౌర్ణమి అంటే సిద్ధార్థుని జననం, జ్ఞానోదయం, మహాపరినిర్వాణం మూడూ స్మరించుకునే రోజు మాత్రమే కాదు. మేమూ మనుషులమే అని చాటుకునే రోజు కూడా. ఆ రోజు మన అమ్మాయికి విహారం, ఆ అబ్బాయికి డ్యూటీ.

ఇందులో అన్యాయం ఎవరిది? ముందు అడిగినవారికి ముందు ఇవ్వడం నియమమే. అమ్మాయి అబద్ధమాడలేదు, ఎవరినీ మోసగించలేదు. అయితే ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే న్యాయమని పునీత తోమా అక్వినాసు గారి బోధ. డబ్బు, భూమి మాత్రమేనా ఒకరికి చెందేవి? కాలం కూడా చెందుతుంది. తల్లిదండ్రులతో కలిసి ప్రార్థించుకోవలసిన ఒక దినం కూడా చెందుతుంది. నియమం తప్పకుండానే పొరుగువాడికి చెందినదాన్ని మనం తీసుకోవచ్చు. అందుకే నియమం సరిపోయిందా అని చూసుకున్నాక కూడా, మనస్సాక్షికి పని మిగిలే ఉంటుంది.

ద్వితీయోపదేశ కాండము అయిదవ అధ్యాయంలో విశ్రాంతి దినాన్ని గూర్చిన ఆజ్ఞ చదవండి. ఇంటి యజమానికే కాదు, దాసునికీ దాసికీ పరదేశికీ విశ్రాంతి ఉండాలంటాడు దేవుడు. ఐగుప్తులో మీరూ బానిసలుగా ఉన్నారు, మరచిపోకండి అని కారణం కూడా చెబుతాడు. అంటే, ఇతరులకు దక్కకుండా నేనొక్కడినే అనుభవించే విశ్రాంతి దేవుడు కోరిన విశ్రాంతి కాదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి హైటెక్ సిటీ చుట్టూ ఎన్నో అద్దాల మేడలు లేచాయి. వాటిలో చాలా చోట్ల గడియారం మనదైనా కాలం అమెరికాది. అక్కడివారు కృతజ్ఞతా దినం జరుపుకుంటే ఇక్కడ పని తగ్గుతుంది. పక్క కుర్చీలో కూర్చున్నవాడి పండుగ మాత్రం మనకు తెలియదు. సముద్రాల అవతలివారి సెలవులు గుర్తుంచుకునేవాళ్ళం, పొరుగువాణ్ణి ఒక్కమాట అడగలేమా?

"అన్యమత ఆరాధనకు సాయపడటం విశ్వాసికి తగునా?" అని కొందరికి సందేహం రావచ్చు. మంచి ప్రశ్నే. 1965లో రెండవ వాటికన్ మహాసభ రెండు మాటలు స్పష్టం చేసింది. ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన వాటిని శ్రీసభ తిరస్కరించదు. మత విషయంలో మనిషిని బలవంతపెట్టకూడదు. అలాగని అన్ని మతాలూ ఒక్కటేనని సభ చెప్పలేదు, నేనూ చెప్పను. దుఃఖానికి మూలం తృష్ణ అన్నాడు బుద్ధుడు. తృష్ణను జయించే మార్గం చూపాడు. సృష్టికర్తను గూర్చి బోధించలేదు. మనమో, మన దుఃఖాన్ని తన సిలువపై మోసిన ప్రభువును నమ్ముకున్నాం. ఈ తేడా చిన్నది కాదు, దాచనక్కరలేదు. కానీ పవిత్ర శుక్రవారంనాడు మనకోసం డ్యూటీ చేసే హిందూ, ముస్లిం సోదరులు మన విశ్వాసాన్ని ఒప్పుకుని చేస్తున్నారా? మన మీద గౌరవంతో చేస్తున్నారు. ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో అదే వారికి చేయమన్నాడు ప్రభువు.

నా సంగతీ చెప్పాలి. సెమినరీలో బౌద్ధ దర్శనం చదివాను. నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం కంఠతా పట్టి పరీక్ష రాశాను. ఒక్క బౌద్ధుని ఇంటి గడప మాత్రం తొక్కలేదు. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహాన్ని ఎన్నిసార్లు చూశానో! 1990 మార్చిలో దాన్ని పడవమీద తరలిస్తుండగా జరిగిన ప్రమాదంలో ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికులకోసం ఒక్కసారైనా ప్రార్థించానా అని అడిగితే, నా దగ్గర జవాబు లేదు. ఆ విగ్రహాన్ని నీళ్ళలోంచి పైకితీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. మనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. ఒకరి పండుగ వెనుక ఇంకొకరి చెమట ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి బుద్ధ పౌర్ణమిని ఎలా గడపాలని ఎవరైనా అడిగితే, నా జవాబు ఇది. మీ ఆఫీసులో, మీ అపార్టుమెంటులో ఆ రోజు ఎవరికి పండుగో ముందుగా తెలుసుకోండి. కంప్యూటరు ముందున్నవారినే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్‌ను, నేల తుడిచే అమ్మను కూడా అడగండి. వీలైతే వారి డ్యూటీ మీరు చేయండి. రోమునుంచి ఏటా బౌద్ధులకు వైశాఖ పండుగ సందేశం వెళుతుంది; మీరూ నోరారా శుభాకాంక్షలు చెప్పండి. ఎవరికీ అవసరం లేదంటే, అప్పుడు నిశ్చింతగా బుద్ధవనం చూసిరండి.

2026లో బుద్ధ పౌర్ణమి తేదీ మే 1. అది శ్రామికుడైన పునీత యోసేపు గారి పండుగ కూడా. ఇతరులకోసం మౌనంగా పనిచేసిన ఆ పునీతుడు మనకు తోడుగా ఉండునుగాక.

ఆ అమ్మాయి ఏం చేసిందో నేను అడగలేదు. మీ మాట మీరు చూసుకోండి.