నేరం లేని దురద

కుక్కకు వచ్చే అలెర్జీ అంటే, హాని చేయని వస్తువును దాని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువని పొరబడడం. పుప్పొడి, ఇంటి దుమ్ములో బతికే డస్ట్ మైట్, కోడిమాంసంలోని ప్రోటీన్, బొచ్చులో గెంతే ఫ్లీ అనే పురుగు లాలాజలం, వీటిలో ఏదీ విషం కాదు. చాలా కుక్కలకు ఇవి తగిలినా ఏమీ కాదు. కొన్నింటి ఒంట్లో మాత్రం వీటికి ఎదురుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. అదే పదార్థం మళ్లీ తగిలినప్పుడు చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి, రక్షణ కణాల నుంచి వెలువడే ఐఎల్-31 అనే ప్రోటీన్ నరాల్లో దురదను రగిలిస్తుంది. మనిషికైతే తుమ్ములు, కళ్ల మంట వస్తాయి. కుక్కకు ఎక్కువగా చర్మం మీదే తేలుతుంది. అది పాదాలు నాకుతుంది, మొహాన్ని గోడకు రాస్తుంది, చెవులు దులుపుతుంది, రాత్రంతా గోక్కుంటుంది.

ఇందులో కుక్క తప్పు లేదు. పుప్పొడి తప్పూ లేదు. తప్పే లేనిచోట ఈ బాధ ఎందుకు, దీన్ని తీర్చే బాధ్యత ఎవరిది అన్నవి రెండు వేరు ప్రశ్నలు. మన సంప్రదాయంలో మొదటిదానికి దొరికే జవాబును రెండోదానికి కూడా వాడేసే అలవాటు ఉంది. కుక్కలకు జరిగే అన్యాయంలో పెద్ద భాగం అక్కడే మొదలవుతుంది.

సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్‌కు ఆవల కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న న్యాల్‌కల్ మండలంలో ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కనే కనబడతాయి. ఎర్రనేల, నల్లరేగడి కలిసిన ఆ ప్రాంతంలో జొన్న, కంది, శనగ, పత్తి, చెరకు పండుతాయి. కుక్క అక్కడ చేను కాస్తుంది, గొర్లమంద వెంట నడుస్తుంది, గడప ముందు పడుకుంటుంది. చేల గట్ల మీద, రోడ్ల పక్కన వయ్యారిభామ పెరుగుతుంది. 1950లలో పుణె పరిసరాల్లో గుర్తించిన ఈ కలుపుమొక్క మనుషుల్లో చర్మవ్యాధికి, ఉబ్బసానికి పేరుపడింది. దాని మధ్య తిరిగే కుక్కకు దురద పెట్టినప్పుడు అనుమానించాల్సిన వాటిలో అదీ ఒకటి. వానాకాలంలో తడి, వేడి కలిసి ఫ్లీలు, పిడుదులు పెరుగుతాయి. అప్పటికే గోకి గోకి పుండైన చర్మంలో మలసీజియా అనే ఈస్టు, స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా చేరి వాసన, జిగురు, పొలుసులు మొదలవుతాయి.

బొచ్చు ఊడి, చర్మం నల్లబడి, మందంగా మారిన అలాంటి కుక్కను ఊళ్లో గజ్జికుక్క అంటారు. మనిషిని తిట్టడానికి కూడా వాడే మాట ఇది. కానీ ఈ పేరు కింద రెండు జబ్బులు కలిసిపోయాయి. నిజమైన గజ్జి సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన మైట్ చర్మంలో సొరంగాలు తొలచడం వల్ల వస్తుంది. అది ఇతర కుక్కలకు అంటుకుంటుంది, మనుషులకూ తాత్కాలికంగా దురద పెట్టిస్తుంది. అలెర్జీ ఎవరికీ అంటదు. చెవి అంచులు, మోచేతులు, మడమల దగ్గర బొచ్చు ఊడి, ఇంట్లో మనుషులకు కూడా దద్దుర్లు వస్తే గజ్జిని అనుమానించాలి. పాదాలు, మొహం, చంకలు, పొట్ట, చెవులలో ఉంటే అలెర్జీ వైపు చూడాలి. నడుము వెనక, తోక మొదట్లో ఉంటే ఫ్లీ కాటు. వైద్యుడు చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష చిన్నదే, కానీ ఒక్కసారి చూసి పురుగు కనబడలేదని గజ్జి లేదనుకోవడానికి వీల్లేదు. అందుకే కొన్నిసార్లు ముందు గజ్జికి మందు ఇచ్చి, ఫలితాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఈ తేడా తెలియక అంటని జబ్బున్న కుక్కను అంటరానిదిగా తరిమేయడం చాలా చోట్ల జరుగుతోంది.

తరిమేసే చేతికి సమర్థన కర్మ సిద్ధాంతం నుంచి వస్తుంది. పశుజన్మ భోగయోని అని, ఆ జన్మలో జీవుడు పాత ఫలం అనుభవిస్తాడే గాని కొత్త కర్మ చేయడని వేదాంతం చెబుతుంది. కుక్క జన్మను పాపఫలంగా గరుడపురాణం లాంటి గ్రంథాలు లెక్కగట్టాయి. ఇంకేం, దాని రాత అది అనుభవిస్తోంది, మనమెవరం అడ్డం పడడానికి అన్న మాట సులభంగా వచ్చేస్తుంది.

ఆ వాదన సంప్రదాయంలోపలే నిలవదు. కర్మ సిద్ధాంతం జరిగినదానికి కారణం చెబుతుంది. చూస్తున్నవాడు ఇప్పుడేం చేయాలో చెప్పదు. కుక్క భోగయోనిలో ఉంటే, దాన్ని చూసి మొహం తిప్పుకున్న మనిషి కర్మయోనిలో ఉన్నాడు. ఆ మొహం తిప్పుకోవడమే కొత్త కర్మ. కర్మవల్ల వచ్చే రోగాలున్నాయని ఒప్పుకున్న ఆయుర్వేదమే వైద్యం మానలేదు. గుర్రాలకు శాలిహోత్రుడి పేరిట, ఏనుగులకు పాలకాప్యుడి పేరిట వైద్యగ్రంథాలు పుట్టాయి. పశువుల బాధ తాకకూడని కర్మఫలమైతే ఆ గ్రంథాలకు పనే లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఉన్న అశోకుడి శాసనాల్లో రెండోది మనుషులతో పాటు పశువులకూ వైద్యం, మూలికలు ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది. ఈ నేలకు పశువైద్యం ఎప్పటి నుంచో ధర్మకార్యమే.

ఇంతకంటే పదునైన జవాబు మహాభారతం ఆదిపర్వంలో ఉంది, నన్నయ తెలుగులో కూడా అది చోటు చేసుకుంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోయింది. మూలంలో తల్లి మొదటి అనుమానం గమనించదగ్గది: నువ్వేదో తప్పు చేసే ఉంటావు అంటుంది. దెబ్బ ఉంటే తప్పు ఉండాలన్న లెక్క తల్లి మనసులోనూ ఉంది. హవిస్సును నాకలేదు సరికదా, చూడను కూడా లేదని పిల్ల చెప్పాక ఆ లెక్క కూలిపోతుంది. సరమ యాగశాలకు పోయి కారణం అడిగితే ఎవరూ బదులివ్వరు. నేరం లేనిదాన్ని కొట్టారు కాబట్టి ఊహించని భయం మీ మీదికి వస్తుందని ఆమె శపిస్తుంది. అంత పెద్ద రాజు ఆ మాటకు బెదిరి, దోషశాంతి కోసం తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోతాడు. బాధను చూసి నేరాన్ని ఊహించడం తప్పని భారతం తొలి ఘట్టాల్లోనే తేల్చింది. సారమేయుడి స్థానంలో దురదతో తిరిగే కుక్కను నిలబెట్టి చదివినా ఈ కథ మారదు.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్క కథ అందరికీ తెలిసిందే. కుక్కను వదిలితేనే స్వర్గమని ఇంద్రుడంటే, ఆశ్రయించినదాన్ని వదలనన్నాడు. యక్షప్రశ్నల్లో అతడే పరమధర్మంగా చెప్పిన ఆనృశంస్యం, అంటే క్రూరత్వం లేకుండా బతకడం, ఇక్కడ ఆచరణలోకి వచ్చింది. అయితే ఆ కుక్కకు జబ్బు లేదు, పరీక్ష ఒక్క ఘడియలో ముగిసింది. అలెర్జీ ఉన్న కుక్కను వదలకపోవడం అంటే పదేళ్లు వదలకపోవడం. మందులు పనిచేయని రోజుల్లో, వాసన ఇల్లంతా నిండిన రోజుల్లో వదలకపోవడం. కథలోని పరీక్ష కంటే ఇది కష్టమైనదని ఒప్పుకోవాలి.

జహీరాబాద్ చుట్టూ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి వినబడతాయి, దేవుళ్లూ అలాగే కలిసి ఉంటారు. దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, వాటిని నాలుగు వేదాలంటారు. బీదర్ జిల్లా ఖానాపూర్ దగ్గరి మైలార మల్లన్న దగ్గరికి పోయేవాళ్లకు కుక్క స్వామి పరివారం. ఇస్లాం ఆచారంలో కుక్క లాలాజలం అపవిత్రమే, కానీ దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి తాపినవాణ్ణి దేవుడు క్షమించాడన్న హదీసు కూడా ఉంది. అంటే శుచి గురించిన నియమం దయను ఆపలేదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవచ్చు, ముట్టుకోకుండా ఉండడానికి అది కారణం కాదు.

అలెర్జీ శాస్త్రం కుక్కలకు పడ్డ బాకీ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రవేత్తలు సముద్రజీవి సీ అనిమోన్ విషాన్ని కుక్కలకు ఎక్కించి పరీక్షలు చేశారు. మొదటి మోతాదును తట్టుకున్న నెప్ట్యూన్ అనే కుక్క కొన్ని వారాల తర్వాత ఇచ్చిన కొద్దిపాటి రెండో మోతాదుకే నిమిషాల్లో చనిపోయింది. రక్షణ వ్యవస్థే ప్రాణం తీయగలదని 1902లో ప్రపంచానికి అలా తెలిసింది. ఆ పనికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అలెర్జీ అన్న పేరు పెట్టాడు. వేరుశనగ పడని పిల్లవాడిని ఈరోజు ఆసుపత్రిలో బతికించే జ్ఞానం ఆ కుక్కల బాధ మీదుగా వచ్చింది. కుక్క దురదకు వైద్యం చేయడం దయ మాత్రమే కాదు, తీర్చాల్సిన అప్పు కూడా.

చికిత్సలో మొదటి మెట్టే ఒక ధర్మసందేహం. దురద పోవాలంటే ఫ్లీలను, పిడుదులను చంపాలి. అవీ ప్రాణులే కదా. జైన శాస్త్రం పురుగులకు ఇంద్రియాలు లెక్కగట్టింది. చీమల వంటివి మూడింద్రియాల జీవులు, కుక్క ఐదింద్రియాలది. సన్యాసికి అన్ని ప్రాణుల హింసా నిషిద్ధమే. గృహస్థు విడవాల్సింది ముఖ్యంగా సంకల్పంతో చేసే హింస అని, రక్షణ కోసం, ఇంటి పనుల్లో తప్పనిసరిగా జరిగేది వేరని ఆ శాస్త్రమే విడదీసింది. బౌద్ధంలో అసంగుడి కథ ఇంకా ముందుకు పోతుంది. పన్నెండేళ్లు కాబోయే బుద్ధుడైన మైత్రేయుడి కోసం తపస్సు చేసి విసిగి తిరిగి వస్తున్న అసంగుడికి దారిలో పుండు నిండా పురుగులున్న కుక్క కనబడింది. పురుగులను తీస్తే అవి ఆకలితో చస్తాయి, తీయకపోతే కుక్క చస్తుంది. తన తొడ కండ కోసి పురుగులకు పెట్టి, అవి నలగకుండా నాలుకతో తీయబోయాడు. కుక్క మాయమై అక్కడ మైత్రేయుడు నిలబడ్డాడు. కథ గొప్పది, కానీ గృహస్థుకు అది నియమం కాలేదు. ఫ్లీని కాపాడేందుకు ఏమీ చేయకపోవడం అహింస అనిపించుకోదు, ఆ బరువంతా కుక్క మీదికి నెట్టడమే. అసంగుడు ఆ బరువును తన ఒంటి మీద వేసుకున్నాడు. అలా వేసుకోలేనివాడు మందు వేయాలి, అవసరానికి మించి చంపకుండా చూసుకోవాలి.

ఈ నియమం వైద్యానికీ సరిపోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరసనాయిలు, పంటకు కొట్టే పురుగుమందు కుక్క ఒంటికి పూయడం పల్లెల్లో ఉంది. కుక్క వాటిని నాకుతుంది, విషం లోపలికి పోతుంది. ఐసాక్సజోలిన్ రకం మాత్రలు నెలకు, కొన్ని పన్నెండు వారాలకు ఒకసారి ఇస్తే ఫ్లీలు, పిడుదులు పోతాయి, గజ్జి పురుగుకూ పనిచేస్తాయి. మూర్ఛ ఉన్న కుక్కకు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకూడదు. ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేసారి ఇవ్వాలి, పడుకునే గోనెపట్టాను వేడినీళ్లలో ఉతకాలి, ఎందుకంటే గుడ్లు కుక్క ఒంటి మీద కంటే నేల మీదే ఎక్కువ.

ఆ తర్వాత తిండి. దీనికి రక్తపరీక్షలు నమ్మదగ్గవి కావు. అంతకుముందు ఎన్నడూ తినని ఒకే రకం మాంసంతో, లేదా ప్రోటీన్‌ను ముక్కలు చేసి తయారుచేసిన ప్రత్యేక ఆహారంతో ఎనిమిది వారాలు గడిపి, దురద తగ్గితే పాత తిండిని మళ్లీ పెట్టి చూడడమే దారి. 2016లో అచ్చయిన ఒక సమీక్షలో, తిండి పడని కుక్కల్లో 34 శాతానికి గొడ్డుమాంసం, 17 శాతానికి పాలు, 15 శాతానికి కోడిమాంసం, 13 శాతానికి గోధుమ కారణమని తేలింది. ఆ వారాల్లో ఒక్క బిస్కెట్టు, ఒక్క గిన్నె పెరుగన్నం పడినా లెక్క మొదటికొస్తుంది. కాలభైరవాష్టమి నాడు కుక్కలకు పాలు, రొట్టెలు పెట్టడం పుణ్యమంటారు. దానం దేశం, కాలం, పాత్రం చూసి చేయాలని గీత చెప్పింది. పాలు పడని కుక్కకు పాలు పోయడం పాత్రం చూడని దానమే. ఇంట్లో ముసలమ్మ ప్రేమతో వేసే ముద్దను ఆపడం మనసుకు కష్టం, అయినా ఆపాలి.

ఫ్లీ, తిండి రెండూ కారణం కాదని తేలాక మిగిలేది పుప్పొడి, డస్ట్ మైట్ లాంటివి పడక వచ్చే అటోపిక్ చర్మవ్యాధి. ఇది సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో మొదలవుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పగ్ జాతుల్లో ఎక్కువ. దీనికి నయం లేదు, అదుపు ఉంది. తిరిగొచ్చిన ప్రతిసారీ పాదాలు కడిగి తుడవాలి, వైద్యుడు చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో స్నానం చేయించాలి, చెవులు శుభ్రం చేయాలి. స్టెరాయిడ్ మాత్ర దురదను త్వరగా ఆపుతుంది, కానీ ఎక్కువకాలం వాడితే దాహం, ఆకలి, కండ కరగడం, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఒక్లాసిటినిబ్ అనే మందు, ఐఎల్-31ను అడ్డుకునే లోకివెట్‌మాబ్ సూది వచ్చాక చాలా కుక్కలకు నిద్ర దొరికింది. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి శరీరాన్ని సమాధానపరిచే ఇమ్యునోథెరపీకి నెలలు పడుతుంది, అన్ని కుక్కలకూ పనిచేయదు. న్యాల్‌కల్ వాళ్లకు ఇలాంటి వైద్యం కోసం బీదర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం హైదరాబాద్ కంటే దగ్గర. ఫలం మీద ఆశ లేకుండా చేయమన్న కర్మయోగం ఇలాంటి జబ్బు దగ్గర పుస్తకంలోంచి బయటికొస్తుంది, ఎందుకంటే ఎంత చేసినా తీరిపోయింది అనే రోజు ఇందులో రాదు.

చట్టం కూడా ఈ బాధ్యతను గుర్తించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లే దానికి అనవసరమైన నొప్పి కలగకుండా చూడాలంటుంది. ఎవరి సంరక్షణలోనూ లేని వీధికుక్క దగ్గర ఆ సెక్షన్ చేయి అందదు. అక్కడ పాత భూతబలి ఆచారం కొంత అందుతుంది. గృహస్థు తినే ముందు కుక్కలకు, కాకులకు, పురుగులకు అన్నం నేల మీద మెల్లగా పెట్టాలని మనుస్మృతి చెప్పింది. దాని ప్రకారం కుక్క ఎవరిదన్న ప్రశ్న లేదు, గడప ముందుకొచ్చినదానికి పెట్టాలి, అంతే. స్నానం చేయించలేని, పట్టుకోలేని ఆ కుక్కకు రోజూ ముద్ద వేసే చెయ్యి ఒక్కటే దగ్గర కాగలదు. వైద్యుడు బరువు అంచనా వేసి ఇచ్చిన మాత్రను ఆ ముద్దలోనే పెట్టవచ్చు, గజ్జి గానీ ఫ్లీ కాటు గానీ అయితే కొద్ది వారాల్లో బొచ్చు మళ్లీ వస్తుంది. రాకపోతే అది అలెర్జీ కావచ్చని, ఇంకో చికిత్స కావాలని తెలుస్తుంది.