కొనుటయా? వినుటయా?

ఒక వస్తువును ప్రేమించుటకును, దానిని తన సొత్తుగా చేసికొన గోరుటకును నడుమ సన్నని గీత ఒకటి కలదు. ఆ గీతను ఎప్పుడు దాటెనో దాటిన వానికే తెలియదు. ధనము, భూమి, బంగారము విషయమున ఈ సంగతిని పెద్దలు పలుమారులు హెచ్చరించియున్నారు. కాని లోభము ఎల్లప్పుడును లోభమను పేరుతోనే రాదు. ఒక్కొక్కప్పుడు కళాభిమానమను చక్కని వేషము వేసికొని వచ్చును. ఆ వేషమును ఆనవాలు పట్టుటకు అమెరికా దేశమున పుట్టిన హిప్ హాప్ సంగీతమును, దాని రికార్డులను సేకరించు రసికులను దృష్టాంతముగా గైకొనవచ్చును.

న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 సంఖ్య గల భవనమున, 1973 ఆగస్టు 11వ తేదీన ఒక చిన్న వేడుక జరిగెను. సిండీ కాంబెల్ అను బాలిక బడి తెరచు నాటికి క్రొత్త బట్టలు కొనుక్కొనదలచి దానిని ఏర్పాటు చేసెను. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. ఆనాడు రికార్డులు వేసినవాడు ఆమె అన్న. జమైకాలో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగి, కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధి కెక్కినవాడు. పాటలో గానమును తక్కిన వాద్యములును ఆగి, తాళవాద్యము మాత్రము మ్రోగు కొలది క్షణములయందే నర్తించువారికి ఉత్సాహము మిక్కుటమగుచున్నదని అతడు కనిపెట్టెను. ఒకే రికార్డు యొక్క రెండు ప్రతులను రెండు యంత్రములపై నుంచి, ఒకదానిపై ఆ భాగము ముగియగానే రెండవదానిపై మరల మొదలిడుచు, క్షణములను నిమిషములుగా సాగదీయు పద్ధతిని అతడు సాధించెను. దానికి రంగులరాట్నమని పేరు పెట్టెను. హిప్ హాప్ పుట్టుకను ఆ వేడుకనుండియే లెక్కింతురు.

ఇచట ఒక ధర్మసూక్ష్మము కలదు. ఒకే పాటకు రెండు రికార్డులు కొనుట పైచూపునకు దుబారా వలె తోచును. కాని ఆ రెండవ ప్రతి లేనిచో ఆ కళయే లేదు. కావున లోభమును సంఖ్యనుబట్టి కొలువరాదు. రెండు ప్రతులు గలవాడు లోభి కాకపోవచ్చును. ఒక్క ప్రతి గలవాడు లోభి కావచ్చును. ఆ వస్తువు ఏ పనికి వచ్చుచున్నది, ఎందరి చెవులకు చేరుచున్నది అనునదియే కొలబద్ద. అటులని ఆ తొలినాటివారు ఆశకు అతీతులనియు చెప్పరాదు. తాను వేయు రికార్డు ఏదో పోటీదారులకు తెలియకుండుటకై హెర్క్ దాని నడుమ అంటించిన పేరుచీటీని నీట నానబెట్టి తొలగించెడివాడు. పాటను పదిమందికి పంచుటయు, పేరును దాచుటయు ఒక్క చేతితోనే జరిగినవి. మానవ స్వభావమట్టిది.

ఇక నేటి రసికుని సంగతి. 1948లో వెలువడిన 12 అంగుళముల, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు వినైల్ రికార్డు, సీడీల రాకతో దాదాపు మూలబడెను. తెలుగు ఇండ్లలో వెనుకటి తరమువారు గ్రామఫోను ప్లేటు అని పిలిచిన లక్క పలకకు అది తరువాతి రూపము. అది మరల జీవము పోసికొని, 2020లో అమెరికాలో అమ్మకపు విలువయందు సీడీలను మించెను. పాత పాటలే క్రొత్త అట్టలతో, రంగురంగుల ప్లాస్టిక్కుతో, పరిమిత ప్రతులని ముద్ర వేసికొని మరల మరల వచ్చుచున్నవి. అట్టి దుకాణమున ఒక రసికుడు నిలుచున్నాడని చదువరులు ఊహించుకొందురు గాక. తాను బాల్యమున ప్రేమించిన రికార్డు ఎర్రని రంగులో చేత చిక్కినది. నల్లనిది ఇంట ఉండనే ఉన్నది. కొంతసేపు త్రిప్పి చూచి, దానిని పెట్టెలో యథాస్థానమున నుంచి వెడలిపోయెను. ఇది త్యాగమా? పిసినారితనమా? లేక విసుగా?

తీర్పునకు ముందు చిన్న లెక్క వేయవలెను. ఒక్కొక్క రికార్డు 40 నిమిషములు మ్రోగునన్నచో, 2000 రికార్డులు గలవాడు దినమునకొక గంట చొప్పున వినినను, అన్నిటిని ఒక్కమారు వినుటకు మూడున్నర సంవత్సరములకు పైగా పట్టును. మరియొక రికార్డు కొన్నంతమాత్రమున దినమునకు ఇరువదియైదవ గంట చేకూరదు. అందుచే ఒక హద్దు దాటిన పిమ్మట కొనుట వినుటకు తోడు కాక పోటీ యగును. దీనిని గ్రహించి చేయి వెనుకకు తీసికొనినచో అది పిసినారితనము కాదు, వివేకము.

ఇచట ఒక ఆక్షేపణ రాదగును. సేకరించువారే లేకున్నచో పాత సంగీతము చెత్తకుప్పల పాలగును గదా? నిజమే. దుమ్ము పట్టిన పెట్టెలను ఓపికతో వెదకినవారే లోకము మరచిన పాటలను కాపాడిరి. డీజే షాడో అను కళాకారుడు 1996లో వెలువరించిన తన తొలి ఆల్బమును దాదాపు పూర్తిగా పాత రికార్డుల తునకలతోనే కూర్చెను. క్రొత్త కళాకారుని రికార్డు కొన్నచో అతనికి జీవనాధారమగును. ఇట్టి కొనుగోలును మానుట గుణము కాదు. కొనకుండుటయే ధర్మమని ఎవ్వరును భ్రమపడరాదు.

మరి దోషమెచట? ఇతరులకు లేకుండుటయే వస్తువునకు విలువగా మారినచోట. వూ టాంగ్ క్లాన్ అను ప్రసిద్ధ బృందము ఒక ఆల్బమును ఒకే ఒక ప్రతిగా చేసి ఒక పెట్టెలో నుంచి 2015లో అమ్మెను. అది వినైల్ కాదు, రెండు సీడీలు. ఔషధ వ్యాపారి యొకడు దానిని 20 లక్షల డాలర్లకు కొనెను. 88 సంవత్సరముల వరకు దానిని వాణిజ్యార్థము విడుదల చేయరాదని నిబంధన. కళకు గౌరవము తెచ్చుటకే ఇట్లు చేసితిమని ఆ బృందము చెప్పెను. వ్యాపారి మోసపు నేరమున శిక్షితుడు కాగా, 2018లో న్యాయస్థానము దాని జప్తునకు ఆజ్ఞ ఇచ్చెను. 2021లో ప్రభుత్వము అమ్మివేసెను. 2024లో టాస్మానియాలోని మోనా అను ప్రదర్శనశాలలో కొందరు శ్రోతలు అందలి కొంత భాగమును వినగలిగిరి. 25, 50 సెంట్లకు పిల్లలందరు విన్న కళ ఎచట? పెట్టెలో మూగవోయిన ఆ పాట ఎచట? అట్టకు గీత పడునని భయపడి పైకాగితమైన విప్పని సేకర్త ఇంట జరుగుచున్నదియు ఇదియే, చిన్న రూపమున.

విడుచుటయందును ఒక మోసము పొంచియుండును. రికార్డును దుకాణమున వదలి, రాత్రియెల్ల దానినే తలచుచు నిద్ర మానినవాడు దానిని విడువలేదు. మూల్యము చెల్లింపక మోయుచున్నాడు. విడిచితినని నలుగురిలో చెప్పికొనువాడు రికార్డునకు మారుగా కీర్తిని కొనెను. నిజముగా విడిచినవాడు ఇల్లు చేరి, ఉన్న రికార్డులలో చిరకాలముగా తాకనిదానిని తీసి, దుమ్ము తుడిచి, ముల్లు పెట్టి, తొలినుండి తుదివరకు వినును. వీలైనచో పొరుగువానిని గూడ పిలుచును.

కావున కొనబోవు వేళ ప్రతివాడును తన్ను తాను అడుగవలసినది ఒక్కటే: ఇది నా చేత మ్రోగునా, లేక నా చేత మూగయగునా? మ్రోగునని తోచినచో నిస్సంకోచముగా కొనవచ్చును. మూగయగునని తోచినచో పెట్టెలోనే ఉంచుట మేలు. మరునాడు ఆ దుకాణమునకు వచ్చు బాలుడెవడో ఆ పాటను తొలిసారిగా వినును.