మా పేరు పక్కన ఒక ‘ణ’

కొన్నేళ్ల కిందట కళింగపట్నం సముద్రపు ఒడ్డున ఒక సంబరం జరిగింది. మా కొండల నుంచి సవర నృత్య బృందాన్ని పిలిచారు. తోడుగా నేనూ వెళ్లాను. వేదిక దగ్గర రంగుల కరపత్రాలు పంచుతున్నారు. సాయంత్రం కార్యక్రమాల వరుసలో మా వంతు ఎప్పుడా అని చూశాను. ‘సవరణ నృత్యం’ అని ఉంది.

సవరణ అంటే దిద్దుబాటు. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు అది చదివి నవ్వారు. మైకు పట్టుకున్నాయన కూడా అలాగే చదివాడు. నిజం చెప్పాలంటే, మొదట నాకూ నవ్వొచ్చింది.

బృందానికి పెద్ద మా మావయ్య. ఆయనకు చదువు రాదు. కరపత్రం చేతిలోకి తీసుకుని, “మన పేరు రాశారా?” అని సవరలో అడిగాడు. “రాశారు” అన్నాను. ఆట మొదలయ్యే ముందు ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకనిపించింది. ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి రొండిన దోపుకున్నాడు. ఇంటికి తెచ్చి గోడకు అతికించాడు. సెలవులకు వచ్చిన మనవరాలు, ఐదో తరగతి పిల్ల, అది కూడబలుక్కుని చదివి, “తాతా, ఇందులో మన పేరు లేదు” అంది.

మావయ్య నన్ను తిట్టలేదు. “నీకు చదువొచ్చు. నువ్వైనా చెప్పొచ్చు కదా” అన్నాడు, అంతే. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అచ్చుతప్పుకు నీతితో పని ఉందా? అది ఉత్త చేతి పొరపాటేనా?

చేతి పొరపాటే అనుకుందాం. అక్షరాలు కొట్టే కుర్రాడికి రాత్రికి రాత్రి పని ఇస్తారు. ‘సవర’ అనే మాట అతను ఎప్పుడూ విని ఉండడు. ‘సవరణ’ రోజూ కొట్టే మాట. వేలు అలవాటైన దారినే పోయింది. అతని మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. బడిలో మేం తెలుగు తప్పుగా రాసినప్పుడు మమ్మల్ని చూసి నవ్వినవాళ్లలా మనమూ అతన్ని చూసి నవ్వకూడదు.

కానీ అదే కరపత్రాన్ని ఇంకోసారి చదివాను. ముఖ్య అతిథుల పేర్లలో ఒక్క తప్పూ లేదు. ఇంటిపేర్లు, పదవులు, ‘గౌరవనీయులు’, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంటే కాగితం అచ్చుకు వెళ్లే ముందు ఎవరో చదివారు. వేలు పెట్టి ఒక్కో అక్షరం చూశారు. ఆ వేలు మా వరుస దాకా రాలేదు. తప్పు ఎక్కడైనా పడొచ్చు. ఏ తప్పు మిగిలిపోతుందన్నది మాత్రం ఎవరి పేరు మీద ఎంత లక్ష్యం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పొరపాటు చేతిదే. సరిచూడకపోవడం మాత్రం మనసుది.

ఇంకో సంగతి. మేం తప్పు రాస్తే ‘వీళ్లకు చదువు రాదు’ అంటారు. పెద్దలు తప్పు అచ్చేస్తే ‘అచ్చుతప్పు’ అంటారు. మా తప్పుకు మేం బాధ్యులం. వాళ్ల తప్పుకు యంత్రం బాధ్యురాలు. ఈ తేడా ఎవరు పెట్టారు?

కరపత్రమే కదా, సాయంత్రానికి ఇసుకలో కలిసిపోతుంది అనొచ్చు. కానీ ఆదివాసీకి పేరులో అక్షరం చిన్న సంగతి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో తెగ పేరు ఎలా ఉందో అలాగే చదవాలని, కోర్టులు కూడా దానికి ఏదీ చేర్చలేవని సుప్రీంకోర్టు 2000లో మిలింద్ కేసులో చెప్పింది. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఆ జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే. ఛత్తీస్‌గఢ్‌లో పండో తెగ పేరును దేవనాగరిలో రాసే వేర్వేరు తీరులను జాబితాలో చేర్చడానికి పార్లమెంటు 2023లో చట్టం చేయాల్సి వచ్చింది. ఒక గుణింతం కోసం రెండు సభలు! ఆ చట్టాన్ని తెలుగులో ఏమంటారు? సవరణ చట్టం అంటారు. మా కరపత్రంలో పడ్డ మాట అదే.

సరిగ్గా రాయడం ఎలాగో తెలియక కాదు. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో, 1863లో గిడుగు రామమూర్తి పుట్టారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మా మాటల్లో గొంతు దగ్గర ఆగే ఒక శబ్దం ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. ఆయన దాన్నీ వదలకుండా గుర్తించారు. మావాళ్లూ ఊరుకోలేదు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. గిడుగు మాకంటే తెలివైనవారని కాదు నేను చెప్పేది. రాసే ముందు అడిగారు. అడిగితే మావాళ్లు చెప్పారు.

ఇక నా సంగతి. అక్షరం కలిపిన కుర్రాడికంటే, సరిచూడని అధికారికంటే నా తప్పు చిన్నదా? వాళ్లకు తెలియదు. నాకు తెలిసీ, “రాశారు” అన్నాను. మావయ్య మీద జాలితో అన్నాననుకున్నాను. నిజానికి వేదిక దగ్గరకు వెళ్లి, ఆ మైకు ఆయనకు ఒక్క మాట చెప్పడానికి జంకాను. మన పేరు మనమే సరిదిద్దమని అడగకపోతే, తప్పుపేరే అలవాటైపోతుంది.

తర్వాతి ఏడు మళ్లీ పిలుపొచ్చింది. అచ్చుకు ముందు కాగితం చూపిస్తేనే వస్తామన్నాను. అక్షరాలు కొట్టే చోటికి నన్ను పంపారు. అదే కుర్రాడు. పాత సంగతి చెబితే మొహం ఎర్రబడింది. “ఎవరైనా పక్కన కూర్చుని చెబితే బాగుండేది సార్” అన్నాడు. ‘సవర’ అని కొట్టి, కంప్యూటర్‌లో ఆ మాటను దాచిపెట్టాడు. తర్వాత తనే అడిగాడు: “ఆటగాళ్ల పేర్లు వేయలేదేంటి సార్?”

ఆ సంగతి నాకూ తట్టలేదు. పన్నెండు మంది పేర్లూ చెప్పాను. మొదటి పేరు మావయ్యది. ఆ కొత్త కాగితం ఇప్పుడు ఆయన గోడ మీద ఉంది. పాతదాన్ని ఆయన పీకలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.