లేరు అని రాశాను

పెళ్ళివారింట్లో ఎవరైనా పొరపాటున "కాస్త తలనొప్పిగా ఉంది" అన్నారంటే ఇక చూడండి. ఒకావిడ శొంఠి అరగదీసి పట్టు వెయ్యమంటుంది. ఇంకొకావిడ అది తలనొప్పి కాదు, పైత్యం అంటుంది. మూడో ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి ఏదో మాత్ర తీసి చేతిలో పెట్టేస్తుంది. ఏం మాత్రండీ అని అడిగితే, "పేరు తెలీదమ్మా, మా ఆడపడుచుకి దీంతోనే తగ్గింది" అంటుంది. అందరివీ మంచి మనసులే. నాకు తెలీదు అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాదు.

నేనూ ఆ మూడో ఆవిడలాంటిదాన్నేనని ఈ మధ్యే నాకు తెలిసొచ్చింది. నేనిచ్చింది మాత్ర కాదు, ఒక్క మాట.

మా ఊరి లైబ్రరీలో మేడమీద ఓ గది ఉంది. శనివారం మధ్యాహ్నాలు పన్నెండుమంది ఆడవాళ్ళం అక్కడ చేరతాం. సంఘం అనడానికి మాకు పేరూ లేదు, చందా లేదు. టీ ఫ్లాస్కు మాత్రం ఉంది. మేం చేసే పనల్లా ఒక పెద్ద బైండు పుస్తకం నింపడం. హిందూసుందరి, గృహలక్ష్మి, భారతి లాంటి పత్రికల్లో ఒకప్పుడు కథలూ వ్యాసాలూ రాసి, తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయిన స్త్రీలు ఎంతమందో! వాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. పేరు, ఊరు, ఏం రాశారు, ఏ సంచికలో వచ్చింది, ఎప్పుడు పోయారు అన్నీ రాస్తాం. ఆఖరి గడిలో ఆ రచన మీద హక్కు ఇప్పుడు ఎవరిదో రాయాలి. ఎవరికి తెలిసింది వాళ్ళు రాయొచ్చు, ఇంకొకరు రాసింది దిద్దవచ్చు. కథలు మళ్ళీ అచ్చు వేద్దామనుకునేవాళ్ళూ, నాటకం కట్టుకుందామనుకునేవాళ్ళూ వచ్చి ఆ పుస్తకం చూసుకుని వెళ్తుంటారు.

తంటా అంతా ఆ ఆఖరి గడితోనే.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత బతికుండగా అచ్చయిన రచన అయితే, ఆ మనిషి పోయిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్ళు లెక్కపెట్టాలి. అంతవరకూ హక్కు వారసులదే. కథ పత్రికలో వచ్చినంతమాత్రాన పత్రికది అయిపోదు. ఆ హక్కు రాసిచ్చిన కాగితం ఉండాలి. చాలామంది పత్రిక ఎంత పాతదో చూస్తారు. కానీ పత్రిక వయసుతో నిమిత్తం లేదు, మనిషి ఎప్పుడు పోయారన్నదే లెక్క. భండారు అచ్చమాంబగారు 1905లో పోయారు కనక ఆవిడ కథలు ఇప్పుడు అందరివీ. కనుపర్తి వరలక్ష్మమ్మగారు పుట్టింది 1896లో, గృహలక్ష్మిలో శారద లేఖలు రాసిన మనిషి. అంత పాతకాలం ఆవిడ రచనలు ఈపాటికి ఎవరైనా వేసుకోవచ్చు లెమ్మని ఎవరికైనా అనిపిస్తుంది. ఆవిడ పోయింది మాత్రం 1978లో. అంటే 2038 ఆఖరిదాకా వారసుల్ని అడగాల్సిందే.

మా గుంపులో ఒకావిడ మొదట్లో అన్ని పేజీల్లోనూ 50 ఏళ్ళని లెక్కవేసి రాసుకుపోయింది. మామగారి అలమారులో దొరికిన లా పుస్తకం చూసి రాసిందట. ఆ పుస్తకం అబద్ధం చెప్పలేదు పాపం, అది అచ్చయిన నాటికి 50 ఏళ్ళే. 1941లో పోయిన రవీంద్రుడి రచనల మీద 1991తో హక్కు తీరిపోవాల్సిన సమయంలో పెద్ద చర్చ జరిగి, 1992లో చట్టం సవరించి 60 చేశారు. అప్పటినుంచీ మేం ఏం రాసినా కింద తేదీ వేస్తున్నాం. ఏ దేశం లెక్కో కూడా రాస్తున్నాం. న్యూజెర్సీ నుంచి మా పెదనాన్నగారి అమ్మాయి ఫోను చేసి, అక్కడి తెలుగువాళ్ళ సంచికలో వేసుకోవచ్చా అని అడిగేదాకా ఆ సంగతి మాకు తట్టలేదు. అక్కడి చట్టం వేరు, లెక్కా వేరే.

మరో ఆవిడ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎవరేది అడిగినా "ముట్టుకోకండి, కేసులవుతాయి" అంటుంది. ఓసారి కాలేజీ పిల్లలు అచ్చమాంబగారి కథని నాటికగా వేసుకుంటామని వస్తే, వాళ్ళనీ ఇలాగే బెదరగొట్టి పంపేసింది. నూరేళ్ళు దాటిపోయిన కథ! పాపం ఆ పిల్లలు మళ్ళీ వచ్చి అడిగారు కాబట్టి సరిపోయింది. తెలియకుండా ఔనన్నా, తెలియకుండా కాదన్నా తప్పు ఒకటే. కానీ కాదన్నవాళ్ళకి జాగ్రత్తపరులన్న పేరొస్తుంది. ఆవిడ భర్త వకీలు. "నేనూ సగం వకీల్నే" అంటుంటుంది నవ్వుతూ. నేను మాత్రం బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. ఎందులోనూ సగం కూడా కాదు. అయినా ఆ పుస్తకంలో అందరికంటే ధైర్యంగా రాసింది నేనే.

ఒక రచయిత్రి ఉండేవారు. పేరు ఇక్కడ రాయను. 1930లలో ఓ తొమ్మిది కథలు రాశారు. 1971లో పోయారు. ఆవిడ పేజీ నా వంతుకొచ్చింది. శ్రద్ధగానే పనిచేశాను. ఆవిడ ఉన్న ఊరెళ్ళి ఆ వీధిలో ఇద్దర్ని అడిగాను. ఇల్లు ఎప్పుడో అమ్మేశారనీ, వాళ్ళ తాలూకు ఎవరూ కనబడరనీ చెప్పారు. ఎండలో తిరిగి తిరిగి ఇంటికొచ్చి, ఆఖరి గడిలో "వారసులు ఎవరూ లేరు" అని రాశాను.

నిజానికి నేను రాయవలసింది "ఇద్దర్ని అడిగాను, నాకు ఎవరూ దొరకలేదు" అని. కానీ అలా రాస్తే చేతకానితనంలా కనిపిస్తుంది. "లేరు" అంటే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. నవలలు రాసే చెయ్యి కదా, వాక్యం సగంలో ఆగితే ఒప్పుకోదు.

మరుసటి నెలలో ఓ అమ్మాయి కొత్తగా మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, బ్యాంకులో ఉద్యోగం. భయంభయంగా ఓ మూల కూర్చునేది. మూడో శనివారం నేను పుస్తకం తిప్పుతుంటే, నా పేజీలో "లేరు" పక్కన పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: "ఈవిడకి ఒక కూతురు ఉన్నారని మా అమ్మమ్మ అనగా విన్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు దాచాలి? మండింది. "ఎవరు రాశారిది?" అన్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది. "విన్నాను అన్నది ఆధారమా అమ్మాయ్? ఇక్కడ మేం పుకార్లు రాయం" అన్నాను, పన్నెండుమంది ముందూ. బ్యాగులోంచి రబ్బరు తీసి చెరిపేశాను కూడా. "సారీ మేడమ్" అంది. ఆ తర్వాత రెండు వారాలు వచ్చింది, మరి రాలేదు. ఈకాలం పిల్లలకి ఓపిక తక్కువ అనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది. ఆ పిల్ల విన్నది విన్నానని రాసింది. ఎవరి దగ్గర విన్నదో కూడా రాసింది. నేను విన్నదాన్ని చూసినట్టు రాశాను. ఇద్దరిలో పుకారు రాసిందెవరో మీరే చెప్పండి.

ఏడాది తిరిగాక ఒక చిన్న ప్రచురణకర్త ఆ తొమ్మిది కథలూ పుస్తకంగా వేశాడు. మా పేజీ చూసి, ఎవర్నీ అడగనక్కరలేదనుకుని 300 ప్రతులు వేశాడు. నాకో కాపీ పంపితే సంబరంగా అందరికీ చూపించాను. వెనక అట్ట మీద రచయిత్రి గురించి నాలుగు మాటలు రాయించాడు. నా "వారసులు లేరు" అక్కడ ఏమైందనుకున్నారు? "సంతానం లేని ఈ రచయిత్రి, పసిపిల్లల కోసం పడిన తపన ఈ కథలన్నిటా కనిపిస్తుంది" అయింది. చదివి, బాగా రాశారే అనుకున్నాను. దేవుడు సాక్షి, అలాగే అనుకున్నాను.

మొన్న శ్రావణమాసంలో ఓ శనివారం మెట్లమీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు వినబడింది. ఎనభై దాటిన ఆవిడ, తెల్లటి నేత చీర, చేతిలో కర్ర. వెంట మనవడనుకుంటాను, ఓ కుర్రాడు. కూర్చుని ఆయాసం తీర్చుకున్నాక, సంచీలోంచి ఆ పుస్తకం తీసి వెనక అట్ట పైకి వచ్చేలా బల్లమీద పెట్టింది.

"ఇందులో మా అమ్మకి పిల్లల్లేరని రాశారు. నేనున్నానుగా అమ్మా" అంది.

కోపంగా అనలేదు. లెక్కలో ఏదో తేడా వస్తే దుకాణంలో అడుగుతామే, అలా అడిగింది. ఆవిడ డబ్బుకోసం రాలేదని మొదటి మాటలోనే తెలిసిపోయింది. హక్కులూ 60 ఏళ్ళూ ఆవిడకి తెలియనే తెలియవు. ఆ కథల్లో ఒకదాంట్లో జ్వరంతో ఉన్న పిల్లకి తల్లి రాత్రంతా తడిగుడ్డ వేస్తుంది. ఆ పిల్ల తనేనట. "ఎరగనివాళ్ళు చదివితే, అమ్మ లేని పిల్లని ఊహించుకుని రాసిందనుకుంటారు కదూ" అంది.

నేనేం చెప్పాలి? చట్టం ప్రకారం 2031 ఆఖరిదాకా ఆ కథల మీద హక్కు ఆవిడదని చెప్పాను. అది నిజం, కానీ ఆవిడ అడిగింది అది కాదు. రాసింది నేనేనని చెప్పాను. అప్పుడావిడ నా మొహం ఓసారి చూసి, "పోనీలే, నువ్వు మాత్రం నన్ను చూశావా ఏం" అంది. తిట్టినా బావుండేది.

ఆవిడ వెళ్ళాక గదిలో అందరూ మాటలు మొదలుపెట్టారు. నాతో చాలాకాలంగా ఉన్న స్నేహితురాలు నెమ్మదిగా అంది: "నువ్వు రాసిన రోజే నాకనిపించింది, ఎవరు చెప్పారో రాయలేదేమిటా అని. నీకు తెలీకుండా రాస్తావా అని ఊరుకున్నాను." మర్యాద కోసం ఊరుకుందట! కొత్తపిల్ల దిద్దితే నేను మర్యాద మరిచిపోయాను. పెద్దదాన్నని నన్ను దిద్దకుండా ఈవిడ మర్యాద చూపించింది. ఈ రెండు మర్యాదల మధ్యా నలిగిపోయింది ఆ ముసలమ్మగారు. నా పక్కన కూర్చుని చెవిలో "దీనికి ఆధారం ఏమిటే?" అని ఉంటే నాకు కోపం వచ్చేదా? వచ్చే ఉండేది. ఓ పూట ఉండి పోయేది.

వకీలుగారి భార్య, ఇక ఆ హక్కుల గడే తీసేద్దాం, మనకెందుకొచ్చిన గొడవ అంది. నేను ఒప్పుకోలేదు. తప్పు చేసినదాన్ని గనక గట్టిగా ఒప్పుకోకపోవడానికి మొహం చెల్లలేదు గానీ, ఒప్పుకోలేదు. ఆ గడి తీసేస్తే జనం అడగడం మానరు, ఇంకెవరినో అడుగుతారు. పెళ్ళింట్లో మాత్రలిచ్చేవాళ్ళకి కొదవా? కాకపోతే "వేసుకోవచ్చా?" అని అడిగినవాళ్ళకి వేసుకోండని మేం చెప్పడం మానుకున్నాం. ఆవిడ ఫలానా ఏడు పోయారు, ఈ సంగతి ఫలానాచోట చూశాం, చట్టం ఇలా అంటోంది, వారసుల కోసం ఇంతవరకూ వెతికాం అని చెప్తాం. ఆపైన నిర్ణయం వాళ్ళది, పెద్ద వ్యవహారమైతే నిజమైన వకీలుది. ఇలా చెప్తుంటే వచ్చినవాళ్ళు కొందరు నిరుత్సాహపడుతున్నారు. మేం ఇదివరకు తెలివైనవాళ్ళలా ఉండేవాళ్ళమట!

ప్రచురణకర్త మంచివాడే. మిగిలిన ప్రతులకి అట్ట మార్పించాడు, ఆవిడకివ్వాల్సింది ఇచ్చాడు. అమ్ముడుపోయినవాటి అట్టలు ఎవరు మార్చగలరు?

పుస్తకంలో నా పేజీ మాత్రం చింపలేదు. చింపేద్దామని చెయ్యి వెళ్ళింది కూడా. "లేరు" మీద ఒక్క గీత గీసి, కింద జరిగింది రాసి, తేదీ వేసి, నా సంతకం పెట్టాను. పక్కన పెన్సిలు గీతల గుర్తులు ఇంకా లీలగా ఉన్నాయి. రబ్బరుతో చెరిపినా కాగితం మీద నొక్కు పోలేదు. వాటిమీదే సిరాతో మళ్ళీ రాద్దామనుకున్నాను. కానీ అది రాయాల్సింది నేను కాదు.

బ్యాంకు అమ్మాయి నంబరు సంపాదించి ఫోను చేశాను. ఎవరో గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది, లేక అలా నటించిందో. జరిగిందంతా చెప్పి, పొరపాటు నాదేనన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, "మా అమ్మమ్మ చెప్తే సంతోషిస్తుంది మేడమ్" అంది. ఈ శనివారం రామ్మా అన్నాను.

"చూస్తానండీ" అంది.

ఇంకా రాలేదు. పెన్సిలు చెక్కి ఆ పేజీలోనే పెట్టి ఉంచాను.